మేనల్లుడి లిస్టు

మొన్న మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాడు. "మావయ్యా, ఇంట్లో స్టోరేజ్ సర్వర్ అసెంబుల్ చేసుకుంటున్నా. ఒకసారి చూసి ఓకే అను, సాయంత్రం ఆర్డర్ పెట్టేస్తా" అని కింద ఓ ముక్క. లిస్టులో మొదటిది రంగురంగుల లైట్లు వెలిగే గేమింగ్ మదర్‌బోర్డు. తర్వాత పన్నెండు కోర్ల ప్రాసెసర్, 750 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్, అద్దాల క్యాబినెట్. అట్టడుగున, చిల్లర సరిపెట్టడానికన్నట్టు, "4 టీబీ హార్డ్ డిస్కులు ఆరు, ఏది చీప్ అయితే అది".

ఆ చివరి మాటకి ఒళ్లు మండింది. డిస్కుల కోసం కట్టే పెట్టెలో డిస్కుల దగ్గరేనా బేరం! పెళ్లికొడుకు సంగతి తర్వాత చూద్దాంలే అని బ్యాండు మేళానికి అడ్వాన్సు ఇచ్చినట్టుంది వ్యవహారం.

ఎస్‌ఎంపీఎస్ మీద నా చాదస్తం ఈ కాలమ్ పాఠకులకి కొత్తేమీ కాదు. "మళ్లీ మొదలెట్టాడ్రా బాబూ" అనుకునేవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైను మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. ఆరు డిస్కులు ఒక్కసారి లేస్తే 12 ఆంపియర్లు, అంటే 144 వాట్లు. కుదురుకున్నాక ఒక్కోటి ఐదారు వాట్లతో సరిపెట్టుకుంటుంది. మామూలు బోర్డు, చిన్న ప్రాసెసర్ కలుపుకున్నా రోజంతా 50 వాట్ల చుట్టుపక్కలే. మరి 750 ఎందుకురా అంటే, గోల్డ్ కదా మావయ్యా అంటాడు. కరెంటు వృథా చేయదని చెప్పే 80 ప్లస్ గోల్డ్ ముద్రకి పరీక్ష పెట్టేది 20, 50, 100 శాతం లోడు దగ్గర. 750లో 50 అంటే ఏడు శాతం కూడా లేదు. అక్కడ ఆ ముద్రకి పూచీ లేదు. 450 వాట్లది చాలు, కానీ పేరున్న కంపెనీది కావాలి, డిస్కులకి సరిపడా సాటా పవర్ ప్లగ్గులు దానికే ఉండాలి. ప్లగ్గులు చాలలేదని కౌంటర్ మీద దొరికే మోలెక్స్ అడాప్టర్లు తగిలించకండి. వాటిలో ప్లాస్టిక్ పోతపోసిన రకం లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కరిగిపోయిన కథలు బోలెడు. విప్పి పెట్టుకునే కేబుళ్లయితే ఇంకో జాగ్రత్త: ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్ కేబుల్ ఇంకో కంపెనీదానికి పెట్టకూడదు. ప్లగ్గు చక్కగా దూరుతుంది, లోపల పిన్నుల వరస వేరే ఉంటుంది, స్విచ్ వేయగానే డిస్కులన్నీ ఒకేసారి పోతాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, యూపీఎస్ ఎందుకు అన్నాడు. ఆ గొడవ ఇదివరకే ఇక్కడ చాలా నడిచింది, మళ్లీ ఎత్తను. యూపీఎస్ కొను, అంతే.

ఇక డిస్కులు. "ఏది చీప్ అయితే అది" అంటే చేతికొచ్చేది చాలాసార్లు ఎస్‌ఎంఆర్ రకం. ఇందులో ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా రాస్తారు. అదే పళ్లెంలో ఎక్కువ సరుకు పడుతుంది, కానీ మధ్యలో ఒక ట్రాకు మార్చాలంటే పక్కవాటిని కూడా తిరగరాయాలి. సినిమాలు దాచి చూసుకోవడానికి పర్వాలేదు. గుంపులో ఒక డిస్కు పోయి, దాని స్థానంలో కొత్తది పెట్టినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. కొత్త డిస్కు మీద గంటల తరబడి ఆపకుండా రాయాలి. ఎస్‌ఎంఆర్ డిస్కు కాసేపు బాగానే రాసి, తర్వాత నత్తనడక పడుతుంది. ఒక్కోసారి ఎంత ఆలస్యం చేస్తుందంటే, ఇది కూడా పోయిందనుకుని సిస్టమ్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లు ఈ రకమేనని ఒప్పుకుంది. అవి ఇలాంటి సర్వర్లకనే అమ్మిన డిస్కులు! గోల అయ్యాక, ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని సీఎంఆర్ రకానికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. పెట్టె మీద పేరు చూసి కాదు, మోడల్ నంబర్ చూసి కొనమని నేను అప్పట్నుంచీ పోరుతున్నాను. 2025 మొదట్లో యూరప్‌లో ఇంకో ముచ్చట బయటపడింది: వేల గంటలు నడిచిన సీగేట్ డిస్కుల మీటరు సున్నా చేసి కొత్తవాటిగా అమ్మేశారు. పైకి కనిపించే స్మార్ట్ రికార్డు తుడిచారు గానీ, ఫార్మ్ అనే ఇంకో లాగ్‌ని వదిలేశారు, అందులో దొరికిపోయారు. డిస్కు చేతికి రాగానే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఆరు డిస్కులన్నది కూడా నాకు నచ్చలేదు. రెండు డిస్కులు పోయినా తట్టుకునేలా పెడితే 4 టీబీవి ఆరింట్లో వాడుకోవడానికి మిగిలేది 16 టీబీ. 8 టీబీవి నాలుగు అదే పద్ధతిలో పెట్టినా మిగిలేది 16 టీబీయే. రెండు డిస్కుల కరెంటు, వేడి, చప్పుడు, రెండు కేబుళ్లు తగ్గాయి. పైగా మామూలు బోర్డుల్లో ఎక్కువవాటికి నాలుగే సాటా పోర్టులు. ఆరు పెడితే వేరే కార్డు కొనాలి, నాలుగైతే అక్కర్లేదు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ రాత్రి వాడికి నా లిస్టు రాయడానికి కూర్చున్నాను. నా లిస్టు ఎలా ఉంటుందో మీకు తెలుసు. సెకండ్ హ్యాండ్ సర్వర్ బోర్డు, ఈసీసీ మెమరీ, డిస్కులు తగిలించడానికి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించిన పాత ఎల్ఎస్ఐ 9211 కార్డు. "ఈసీసీ లేనిది సర్వరే కాదు" అని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. బోర్డు మోడల్ నంబర్ టైపు చేస్తుంటే తెనాలి బాబాయ్ గుర్తొచ్చాడు.

బాబాయ్‌ది ఫొటో స్టూడియో. మా చిన్నప్పుడు నెగటివ్‌లు బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి, డబ్బా మీద ఊరి పేరు, ఇంటిపేరు. తర్వాత వీడియో క్యాసెట్లు, ఆ తర్వాత సీడీల కట్టలు. డిజిటల్ కెమెరాలొచ్చాక ఒక్కో పెళ్లికి వందల జీబీలు రావడం మొదలైంది. రాష్ట్రం విడిపోయిన రోజుల్లో అనుకుంటా, తెలిసినవాళ్లెవరో గుంటూరు నుంచి వచ్చి ఒక పెద్ద సర్వర్ కట్టి ఇచ్చారు. ఐదు డిస్కులు, వాటన్నిటినీ ఆడించడానికి పెద్ద కంపెనీ సర్వర్‌లోంచి ఊడదీసిన రెయిడ్ కార్డు. దాని వీపున చిన్న బ్యాటరీ కూడా ఉండేది, కరెంటు పోయినా సగం రాసిన డేటా పోకుండా. బాబాయ్ వచ్చినవాళ్లందరికీ క్యాబినెట్ తలుపు తీసి చూపించేవాడు. నేనూ చూసి అసూయపడ్డాను. నా పెట్టెలో అప్పటికి అలాంటి కార్డు లేదు.

మాఘమాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. ఒక రాత్రి ఆ కార్డు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆపి వేస్తే ఇక లేవలేదు. డిస్కులు ఐదూ భేషుగ్గా ఉన్నాయి, విడిగా వేరే కంప్యూటర్‌కి పెడితే చక్కగా తిరుగుతున్నాయి, కానీ ఖాళీ డిస్కుల్లా కనిపిస్తున్నాయి. ఎందుకంటే డేటాని ఐదింటిమీదా ఏ వరసలో పంచిందో ఆ కార్డుకే తెలుసు. ఆ లెక్క డిస్కుల చివర్లో రాసే ఉంటుంది, కానీ దాన్ని చదవాలంటే ఆ కుటుంబానికే చెందిన ఇంకో కార్డు కావాలి. గుంటూరులో లేదు, బెజవాడలో లేదు. ఇక్కడ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ అంతస్తులన్నీ నేనే తిరిగాను. ఒక షాపాయన ఫొటో చూసి "ఇది మన ఐటెం కాదు సార్, ఏదన్నా కంపెనీ సర్వర్ స్క్రాప్‌కి వచ్చినప్పుడు చూడాలి" అన్నాడు. అటు స్టూడియోలో ఆడపెళ్లివాళ్ల ఫోన్లు. ఆల్బమ్ ఎప్పుడిస్తారు, అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి వెళ్లిపోతున్నాడు, వీసాకి పెళ్లి ఫొటోలు కావాలి. బాబాయ్ ఫోన్ ఎత్తడం మానేసి పిన్నికి ఇచ్చేవాడు.

చివరికి చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత సామాన్ల కొట్లో దొరికింది అదే కుటుంబం కార్డు. పెట్టగానే "బయటి కాన్ఫిగరేషన్ కనిపించింది, దిగుమతి చేసుకోనా?" అన్న అర్థం వచ్చేలా అడిగింది. అవునన్నాం. పెళ్లిళ్లన్నీ వచ్చేశాయి. బాబాయ్ సంతోషించలేదు. డేటా మొత్తం బయటి డిస్కుల్లోకి కాపీ అయ్యేదాకా అక్కడే కూర్చుని, అయ్యాక ఆ కార్డు ఊడదీసి నా చేతిలో పెట్టి, "ఒరేయ్ అబ్బాయ్, మా వీధి చివర కొట్లో దొరకని సామాను ఇక నా పెట్టెలో పెట్టకండిరా" అన్నాడు.

తర్వాతి పెట్టె వాళ్లబ్బాయి కట్టాడు. తెనాలిలోనే కొన్న మామూలు డెస్క్‌టాప్ బోర్డు, మామూలు మెమరీ, నాలుగు డిస్కులు నేరుగా బోర్డుకే. వాటిని ఆడించే పని కార్డుకి కాకుండా జడ్‌ఎఫ్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాడు. నాకు అప్పుడది చవకబారు పనిలా కనిపించింది. కొన్నేళ్లకి పిడుగుపాటుకి ఆ బోర్డు మాడిపోయింది. వాళ్లబ్బాయి నాలుగు డిస్కులూ విప్పి, కౌంటర్లో బిల్లులు కొట్టే కంప్యూటర్‌కి ఏ పోర్టు ఎక్కడన్నది కూడా చూడకుండా తగిలించి, పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ లేపి, జడ్‌పూల్ ఇంపోర్ట్ అని ఒక్క కమాండ్ కొట్టాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆల్బమ్ పని మళ్లీ నడుస్తోంది. లెక్కంతా డిస్కుల మీదే ఉంది, దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది. మధ్యలో ఉన్న బోర్డు ఏదైతేనేం!

ఆలోచిస్తే డిస్కుల్ని గుంపుగా వాడే ఈ విద్య పుట్టిందే మామూలు చవక సామాన్లతో. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ మీద పేపరు రాసినప్పుడు వాళ్ల వాదనంతా ఐబీఎం మెయిన్‌ఫ్రేముల ఖరీదైన పెద్ద డిస్కుకి బదులు పీసీల్లో వాడే చవక డిస్కులు గుంపుగా వాడొచ్చని. 2009లో బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ కంపెనీ 45 డిస్కులతో 67 టీబీ పెట్టెను 7,867 డాలర్లకి కట్టి డిజైన్ అందరికీ పంచింది. అందులో ఉన్నవీ మామూలు డెస్క్‌టాప్ డిస్కులే. 2011 థాయ్‌లాండ్ వరదలకి డిస్కుల ధరలు ఆకాశాన్నంటినప్పుడు ఆ కంపెనీ ఉద్యోగులు సూపర్‌మార్కెట్ల చుట్టూ తిరిగి ఎక్స్‌టర్నల్ డ్రైవులు కొని, పగలగొట్టి లోపలి డిస్కులు వాడారు. ఖరీదైన ప్రత్యేకమైన కార్డులూ బోర్డులూ మధ్యలో ఎప్పుడు దూరాయో, వాటిని నేనెప్పుడు నెత్తికెత్తుకున్నానో మరి.

ఈసీసీ సంగతేంటి మరి? మెమరీలో ఒక బిట్టు తిరగబడితే సరిదిద్దుతుంది, అది మంచిదే. జడ్‌ఎఫ్‌ఎస్ రాసినవాళ్లలో ఒకరైన మాథ్యూ ఆరెన్స్ దీనిమీద చెప్పింది రెండు ముక్కలు. మిగతా ఫైల్ సిస్టమ్‌ల కంటే జడ్‌ఎఫ్‌ఎస్‌కి ఈసీసీ ఎక్కువ అవసరమేమీ లేదు. డేటా మీద ప్రేముంటే మాత్రం ఈసీసీ వాడండి. నేను ఇన్నాళ్లూ రెండో ముక్కే చదువుతూ వచ్చాను. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని మామూలు మెమరీ ధరలే చుక్కలు చూపిస్తున్నాయి. ఈసీసీ బోర్డు పోతే రెండోది ఆ సాయంత్రం ఏ కౌంటర్లోనూ దొరకదు. అందుకే మేనల్లుడికి ఈసీసీ వద్దన్నాను. నా పెట్టెలోంచి తీయను లెండి, అది వేరే సంగతి.

వాడి ప్రాసెసర్ కొట్టేసి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న చిన్న ఐ3 రాశాను. ఇంట్లో గిగాబిట్ లైను మీద సెకనుకి 110 ఎంబీ దాటి ఎలాగూ పోదు, ఒక్క డిస్కే అంతకన్నా వేగంగా ఇస్తుంది. అద్దాల క్యాబినెట్ బదులు ముందు రెండు 120 ఎంఎం ఫ్యాన్లు డిస్కుల మీదికే గాలి కొట్టేది రాశాను. లక్షకి పైగా డిస్కుల మీద 2007లో గూగుల్ వేసిన లెక్కలో, మామూలు పరిధిలో వేడికీ డిస్కు పోవడానికీ అనుకున్నంత సంబంధం కనబడలేదు. కానీ వాళ్ల గదిలో ఏసీ ఉంది, మన మే నెల లేదు. మిగిలిన డబ్బంతా సీఎంఆర్ డిస్కుల మీద, యూపీఎస్ మీద.

స్పేర్‌గా ఐదో డిస్కు కూడా కొని అల్మారాలో పడేయమన్నాను. "అల్మారాలో ఉన్నా వారంటీ తిరిగిపోతూనే ఉంటుంది కదా మావయ్యా. పోయిన రోజు పార్క్‌లేన్‌కి వెళ్తా" అన్నాడు. కూకట్‌పల్లిలో ఉండేవాడికి అది సరైన జవాబే, తెనాలి బాబాయ్‌కి కాదు. సరేనన్నాను. స్టిక్కర్ల విషయంలో మాత్రం పట్టు వదల్లేదు. డిస్కు పోయినప్పుడు సిస్టమ్ చెప్పేది సీరియల్ నంబరే గానీ, పైనుంచి రెండోది అని చెప్పదు. బిగించాక ఆ నంబరు లేబుల్ రెండు డిస్కుల మధ్య సందులో ఇరుక్కుపోయి కనిపించదు. అందుకని బిగించకముందే ఒక్కో డిస్కు సీరియల్ చివరి నాలుగు అక్షరాలు తెల్ల టేపు మీద మార్కర్‌తో రాసి, కేబుల్ వైపు, టార్చి వేస్తే కనబడేచోట అంటించాలి. అంటించి ఫొటో పంపితేనే ఓకే అంటానని చెప్పాను.