తొలి ప్రతి ఏది?

పాత పుస్తకాలు పోగుచేసేవాళ్ళ మధ్య ఎన్నేళ్ళయినా తెగని తగువు ఒకటుంది. ఫలానా పుస్తకానికి అసలు తొలి ప్రతి ఏది? మొదట అచ్చయిందే తొలి ప్రతి, ఇందులో తగువేముంది అనిపిస్తుంది. పది పుస్తకాలు ముందు వేసుకుని కూర్చుంటే ఎంత ఉందో తెలుస్తుంది.

లోపలి పేజీలో ‘ప్రథమ ముద్రణ’ అని కనబడగానే చాలామంది సంబరపడిపోతారు. మన ప్రచురణకర్తలు ఆ మాటను రెండు రకాలుగా వాడతారు. పుస్తకం మొట్టమొదట వెలువడినప్పుడూ వేస్తారు, ఎప్పుడో వచ్చిన పుస్తకాన్ని తమ సంస్థ తరఫున మొదటిసారి వేసినప్పుడూ వేస్తారు. అందుకని ఆ మాట జోలికి నేను ఆఖరున పోతాను. ముందు వెల చూస్తాను. రూపాయలు, అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందు నాటి లెక్క. తర్వాత చిరునామా. ఊరి పేరు పక్కన ఆరంకెల పిన్‌కోడ్ ఉందంటే 1972 ఆగస్టు 15కు ముందు అచ్చయి ఉండదు, ఆ పద్ధతి మొదలైందే ఆ రోజున. ఆ తర్వాత కాగితం వెనక వైపు వేలి కొసతో మెల్లగా తడుముతాను. సీసపు అక్షరాలు పేర్చి వేసిన పాత అచ్చయితే అక్షరం కాగితాన్ని నొక్కిన గుర్తు చాలాసార్లు సన్నగా తగులుతుంది. ఆఫ్‌సెట్‌లో ఆ నొక్కుడు ఉండదు. పాత ప్రతిని ఫొటో తీసి మళ్ళీ వేసినవాటిలో పాత వెల, పాత తేదీ కూడా యథాతథంగా దిగుతాయి. అక్కడ కన్ను మోసపోయినా వేలు మోసపోదు.

ఇదంతా అచ్చు ఎప్పటిదో తేల్చే పని. తొలి ప్రతి ఏదో తేల్చడం వేరే పని, అదే కష్టం.

‘కన్యాశుల్కం’ తీసుకోండి. విజయనగరంలో 1892లో రంగస్థలం ఎక్కింది. 1897లో పుస్తకమైంది. గురజాడ దాన్ని తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. అయిదంకాల నాటకం ఏడంకాలయింది. మనం చదివి, నవ్వి, మధురవాణి మాటలు నోటికి తెచ్చుకున్నది ఆ రెండోదాన్నే. మరి తొలి కన్యాశుల్కం ఏది? మనసుకు 1909ది. లెక్కకు 1897ది. నేను లెక్క పక్షాన నిలబడతాను. రచయిత తన పేరుతో, తన ఇష్టంతో లోకం చేతిలో పెట్టింది 1897లోనే. ఆ ప్రతి దాదాపు కనుమరుగైపోతే నెల్లూరు పరిశోధకుడు బంగోరె పట్టుబట్టి 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో మళ్ళీ అచ్చు వేయించారు. ఆ పట్టుదల లేకపోతే గురజాడ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి చేరారో మనబోటివాళ్ళకు చూసుకునే వీలే ఉండేది కాదు.

టొరంటోలో ఉంటున్న మా బంధువుల అబ్బాయి ఐస్ హాకీ ఆటగాళ్ళ కార్డులు పోగుచేస్తాడు. సెలవులకు మా ఊరు చెవిటికల్లు వచ్చినప్పుడు, కార్డులు పోగుచేసేవాళ్ళ మధ్యా ఇలాంటి తగువే ఉందని చెప్పాడు. ఆటగాడి మొదటి కార్డును వాళ్ళు రూకీ కార్డు అంటారు, ఏది అసలైన రూకీ అన్నదే వాళ్ళ గొడవ. ఉదాహరణకు వేన్ గ్రెట్స్కీ అనే ఆటగాడు 1978లోనే డబ్ల్యూహెచ్ఏ అనే లీగులో ఆడాడు. మరుసటి ఏడు అది మూతపడి అతని జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్ ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద లీగులో చేరింది. 1979-80 సెట్టులో 18వ నంబరు కార్డు అతనిది. కెనడాలో ఓ-పీ-చీ కంపెనీ, అమెరికాలో టాప్స్ కంపెనీ ఒకే బొమ్మతో వేశాయి. చెక్కుచెదరని ఓ-పీ-చీ ప్రతి ఒకటి 2021లో 37.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

నన్ను పట్టుకున్నది ఆ ధర కాదు, వాళ్ళ గీటురాయి. ఆటగాడు కుర్రతనంలో ఆడిన జూనియర్ లీగుల కార్డులు, జట్టువాళ్ళు పంచిపెట్టినవి కాలంలో ముందువే కావచ్చు, వాటికి రూకీ హోదా ఇవ్వరు. పెద్ద లీగు అనుమతితో వేసిన మామూలు సెట్టులో, కొట్లో ప్యాకెట్టు కొనుక్కున్న ఏ పిల్లవాడికైనా దొరికేలా మొదటిసారి వచ్చిన కార్డుకే ఆ పేరు. అంటే అనుమతి ఉండాలి, అందరికీ అందుబాటులో ఉండాలి.

ఈ గీటురాయి మీద మన పుస్తకాలు గీసి చూడండి. వారపత్రికలో వచ్చిన సీరియల్ ఏమవుతుంది? రచయిత ఇష్టంతోనే వచ్చింది. బస్టాండు దుకాణంలో ఎవరు డబ్బులిచ్చినా దొరికింది. రెండూ ఉన్నాయి. అయినా మన సేకర్తలు పత్రికను పక్కనపెట్టి పుస్తకం తొలి ముద్రణకే పీట వేస్తారు. నాకిది న్యాయంగా కనిపించదు. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో మొదలయ్యాకే పుస్తకమైంది. గురజాడ ‘దిద్దుబాటు’ కథ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది, దాని తొలి ప్రతి ఆ సంచికే. అంతకు ముందే 1902లో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ వెలుగు చూసింది ‘హిందూసుందరి’ పత్రికలో. పత్రికల్ని లెక్కలోంచి తీసేస్తే తెలుగు కథకు పుట్టిన తేదీయే ఉండదు.

మాకు కృష్ణ అవతల అమరావతి. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ 1975 నుంచి ‘ఆంధ్రజ్యోతి’ వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చాయి. పుస్తకం తర్వాతది, సాహిత్య అకాడమీ అవార్డు 1979లో. మా ఇంట్లో ఆ కథల్ని వారంవారం పత్రికలోంచి జాగ్రత్తగా విడదీసి, నందిగామలో బైండు చేయించిన కట్ట ఉంది. నడుముకు నల్ల క్యాలికో గుడ్డ, అట్ట మీద మార్బుల్ కాగితం. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురు. పిన్నులున్న చోట తుప్పు మరకలు. ఒక పేజీ తిప్పితే వెనక ఇంకెవరిదో సీరియల్ సగంలో తెగి ఉంటుంది, ఇంకోచోట సబ్బు ప్రకటన. బాపు బొమ్మ ఆ పేజీలో ఎంత మేర పరుచుకుందో, కథ దాని చుట్టూ ఎలా ఒదిగిందో ఈ కట్టలోనే కనబడుతుంది. వేలమంది ఆ కథల్ని మొదటిసారి కలుసుకున్నది ఈ పేజీల్లోనే. నా దృష్టిలో ఇదే తొలి ప్రతి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది సబబైనదే. ‘మహాప్రస్థానం’ గీతాలు ముప్ఫైల నుంచీ పత్రికల్లో విడివిడిగా వస్తూనే ఉన్నాయి. ముందుమాటగా చలం ‘యోగ్యతాపత్రం’ 1940లోనే రాసిచ్చారు. పుస్తకం 1950లో గానీ రాలేదు. ఆ గీతాలన్నీ ఒక వరసలో, ఒక పేరు కింద నిలబడింది అప్పుడే. కాబట్టి ఒక్కో గీతానికి తొలి ప్రతి దాని పత్రిక, ‘మహాప్రస్థానం’ అనే కూర్పుకు మాత్రం 1950 పుస్తకమే. ‘అమరావతి కథలు’ అలా కాదు, పత్రికలోనే ఆ పేరుతో, ఒకే చిత్రకారుడి బొమ్మలతో వరసగా నడిచాయి. ప్రతి పుస్తకానికీ ఈ ప్రశ్న విడిగా వేసుకోవాల్సిందే, ఒక్క సూత్రంతో అన్నిటినీ కొట్టేయకూడదు.

పాత పుస్తకాల బేరగాళ్ళు సీరియల్ కట్టలకు పుస్తకం ధరలో పదోవంతు కూడా ఇవ్వరు. దాంతో అవి తూకానికి పోతున్నాయి. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల వైపు అటకల మీద ఇలాంటి కట్టలు ఇంకా ఉన్నాయని నాకు నమ్మకం. ఇల్లు పడగొట్టేటప్పుడు, పెద్దవాళ్ళు పోయాక సామాను సర్దేటప్పుడు ఒక్కసారి విప్పి చూడండి. పేజీ అడుగున పత్రిక పేరు, తేదీ ఉంటే కట్ట మీద పెన్సిల్‌తో రాసిపెట్టండి. చిరుగుకు ప్లాస్టర్ టేపు అంటించొద్దు, అది కాగితాన్ని తినేస్తుంది. మళ్ళీ బైండు చేయిస్తే అంచులు కోయొద్దని ముందే చెప్పండి, తేదీలు పోయేది ఆ కోతలోనే. ఉంచుకునే చోటు లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాన్ని అడిగి చూడండి. పాత కాగితాల కొట్టుకు మాత్రం వేయకండి.