కాలేయానికి తగిలించిన తోడేలు పేరు

1956లో మెల్బోర్న్ నగర వైద్యులు మెకే, టాఫ్ట్, కౌలింగ్ ఒక కాలేయవ్యాధికి ‘లూపాయిడ్ హెపటైటిస్’ అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో లూపస్ అంటే తోడేలు. దేహాన్ని కాపాడవలసిన ప్రతిరక్షకాలు సొంత కణాల కేంద్రకాల మీదికే తిరగబడే వ్యాధికి ఆ పేరు అంతకు ముందే ఉన్నది. ఒక తెల్లకణం మరొక కణపు కేంద్రకాన్ని మింగి ఉబ్బి కనబడితే అది లూపస్ గుర్తు అని 1948 నుండి వైద్యులు ఎంచుతూ వచ్చారు. అదే గుర్తు కొందరు కాలేయ రోగుల రక్తంలోనూ కనబడినది. ఇంకేం, పేరు కుదిరిందనుకున్నారు!

ఆనాటికి అది సహేతుకమే. కాని పోలికను చుట్టరికంగా తీసుకోవడం పొరబాటు. ఆ వ్యాధిలో దాడి ముఖ్యంగా కాలేయం మీదనే జరుగుతుంది. చికిత్స లేకపోతే కాలేయం గట్టిపడి పాడవుతుంది. లూపస్ వల్ల కలిగే కాలేయపు వాపు సాధారణంగా స్వల్పం. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చును గాని, అది అరుదు. మెకే ప్రభృతులే 1965లో ‘ఆటోఇమ్యూన్ హెపటైటిస్’ అనే పేరును ముందుకు తెచ్చారు. తన మాటను తానే దిద్దుకొనడం శాస్త్రజ్ఞునికి చిన్నతనం కాదు. అయినా పాత పేరు పుస్తకాలలో చాలాకాలం నిలిచిపోయినది.

లూపస్ రోగికి కాలేయ పరీక్ష తేడాగా వస్తే ముందుగా అనుమానించవలసినవి మందులు. యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలంగా వెలువడిన మెథోట్రెక్సేట్ లూపస్ కీళ్ళనొప్పులకు వాడుకలో ఉన్నది. అది కాలేయాన్ని బాధించగలదు. స్టెరాయిడ్ల వల్ల కాలేయంలో కొవ్వు చేరవచ్చు. ఒక్కొక్కప్పుడు పరీక్షలో పెరిగిన ఎంజైములు వాచిన కండరాల నుండి వచ్చినవి కావచ్చు. కాలేయానికి ఆ పాపంతో సంబంధమే ఉండదు.

పేరుతో వచ్చే ఈ చిక్కు మెల్బోర్న్‌లోనే కాదు, మన భాషలోనూ ఉన్నది. కన్ను పచ్చబడితే చాలు, మనం ‘కామెర్లు’ అంటాము. పసరు తాగించి పథ్యం పెడతాము. లూపస్‌లో ప్రతిరక్షకాలు ఎర్రకణాలను పగలగొట్టినా కళ్ళు పచ్చబడతాయి. నంద్యాల జిల్లా పగిడ్యాల వంటి ఊళ్ళో అటువంటి యువతికి పసరు పోసి, పథ్యమని స్టెరాయిడ్ మాత్రలు హఠాత్తుగా మాన్పిస్తే, రక్తక్షయం ముదరడమే గాక ప్రాణానికే ముప్పు కలుగవచ్చు. రక్తంలో పెరిగిన బిలిరుబిన్ కాలేయం మార్పు చేసినదా, చేయనిదా అని చూస్తే ఈ రెండు పచ్చదనాలకూ గల తేడా చాలావరకు తెలిసిపోతుంది. కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళితే ఆ రక్తపరీక్ష చేస్తారు.