చేతులెత్తిన లోరిసు

2009వ సంవత్సరములో యూట్యూబ్‌లో వెలువడిన ఒక చిన్న వీడియో చిత్రము పెక్కు దేశములలో లక్షలమందిని మురిపించినది. అందు కథ యేమియు లేదు. ఒక చిన్న జంతువు వెల్లకిల పడియుండును. ఒక మనుష్యుని చేయి దాని చంకల దగ్గర చక్కిలిగింతలు పెట్టును. ఆ జంతువు తన రెండు చేతులను తలపైకి ఎత్తి, గుండ్రని పెద్ద కన్నులతో చూచుచు కదలక యుండును. చేయి తొలగినప్పుడు అది తన చేతులను మెల్లగా దించును. చేయి తిరిగి రాగానే మరల ఎత్తును. చూచువారికి అది "ఇంకను, ఇంకను" అని అడుగుచున్నట్లే తోచును. చిత్రముయొక్క ఆకర్షణ అంతయు ఈ భ్రమలోనే యున్నది. ఈ భ్రమను శాస్త్రదృష్టితో విమర్శించి చూడవలసియున్నది. ఏలయన ఇది వినోదముతో ముగిసిన విషయము కాదు.

ఆ జంతువు పేరు పిగ్మీ స్లో లోరిసు. వియత్నాము, లావోసు, కంబోడియా, దక్షిణ చైనా అడవులలో నివసించునది. బరువు అరకిలోకు అటు నిటు. చిత్రము తీసినది మాత్రము రష్యాలోని ఒక యింట. లోరిసు కోతి కాదు. కోతులును, వాలములేని వానరములును, మానవుడును చేరిన ప్రైమేటుల క్రమములోనిదే యైనను, చాల ప్రాచీనకాలమున వేరుపడిన శాఖకు చెందినది. తెలుగువారికి దీని దాయాది క్రొత్తది కాదు. శేషాచలపు అడవులలో రాత్రివేళ కొమ్మలపై తిరుగు దేవాంగపిల్లి ఈ కుటుంబములోనిదే. అది బక్కపలుచని కాళ్లు చేతులు గలది. స్లో లోరిసు కొంచెము బొద్దుగా, మందముగా ఉండును. బొమ్మవలె కనబడుటయే దానికి శాపమైనది.

ఇక ప్రధాన ప్రశ్న: లోరిసు చేతులెందుకెత్తినది? స్లో లోరిసు మోచేతి లోపలివైపున, చర్మము క్రింద ఒక గ్రంథి యున్నది. బెదరినప్పుడు దానినుండి ఘాటైన వాసనగల ద్రవము స్రవించును. లోరిసు చేతులను తలపైకి ఎత్తినచో ఈ గ్రంథి నోటికి అందును. అది ద్రవమును నాకి లాలాజలముతో కలుపుకొనును. ఆ మిశ్రమమే విషము. క్రింది దవడ ముందుపండ్లు దువ్వెనవలె పొడవుగా, ఒకదానినొకటి ఆనుకొని యుండుటచే, కరచినప్పుడు విషము గాయములోనికి చేరును. ప్రైమేటులలో విషము గలవి లోరిసులు తప్ప వేరొండు తెలియవు. ఈ ద్రవములోని ఒక ప్రోటీను పిల్లులవలన మనుష్యులకు ఎలర్జీ కలిగించు ప్రోటీనును పోలియున్నదని రసాయన పరిశోధకులు కనుగొనిరి. లోరిసు కరచిన కొందరికి ఒడలెల్ల వాచి, ఊపిరాడక ప్రాణాపాయస్థితి ఏర్పడిన దాఖలాలును కలవు.

కాబట్టి ప్రేక్షకులు ఆనందమనుకొన్న భంగిమ ఆ జాతి ఆత్మరక్షణ భంగిమ. త్రాచు పడగ విప్పినచో ఎవరును దానిని ఆహ్వానముగా భావింపరు. జంతువు మనసులోని అనుభూతిని శాస్త్రము నేరుగా చూడజాలదనుట నిజమే. ఆ లోరిసు ఆ క్షణమున ఏమి అనుభవించినదో ఎవరును సాక్ష్యము చెప్పలేరు. అయినను ఆ భంగిమ ఏ సందర్భమున, ఏ ప్రయోజనమునకై ఏర్పడినదో స్పష్టముగా తెలిసినప్పుడు, దానికి మానవశిశువు నవ్వును అంటగట్టుట ఊహయే కాని పరిశీలన కాదు. చిత్రము తీసినవారు ప్రేమతోనే తీసియుండవచ్చును. ప్రేమ ఎంతయున్నను పరిశీలనలోని లోపము తీరదు.

చిత్రములోని వెలుతురును ఎవరును గమనించినట్లు లేదు. లోరిసు నిశాచరము. దాని కంటిపాప వెనుక కాంతిని వెనుకకు మరల్చు పొర యొకటి యుండును. వెన్నెలయు లేని రాత్రి సైతము అది పురుగును కనిపెట్టగలుగుట ఆ పొర సాయముననే. అట్టి కన్నులకు విద్యుద్దీపపు వెలుతురు, పగటి వెలుతురు దుర్భరము. "ఎంత పెద్ద కన్నులు!" అని ప్రేక్షకులు మెచ్చుకొనిన కన్నులు చీకటికొరకు ఏర్పడినవి.

ఈ చిత్రము ఒంటరిది కాదు. చిన్న కాగితపు గొడుగును పట్టుకొనిన లోరిసు, అన్నపుముద్దను రెండు చేతులతో తినుచున్న లోరిసు—ఇట్టి చిత్రములు వెనువెంట వచ్చినవి. గొడుగు విషయము చూడుడు. లోరిసు కొమ్మను గంటలకొలది విడువక పట్టుకొనగలదు. దాని చేతులలోను కాళ్లలోను రక్తనాళములు వలవలె అల్లుకొని యుండుటవలన కండరములు త్వరగా అలయవు. కొమ్మలేనిచోట అది చేతికందినదానిని పట్టుకొనును. అన్నపుముద్ద ఇంకను హానికరము. అడవిలో స్లో లోరిసులకు ముఖ్యాహారము చెట్ల బంక. తుమ్మబంక వంటి జిగురును అవి బెరడును ముందుపండ్లతో గీకి స్రవింపజేసికొని తినును. పురుగులు, పూదేనె దానికి తోడు. పండ్లు ఎక్కువగాను బంక తక్కువగాను పెట్టినచో పిగ్మీ లోరిసులకు దంతవ్యాధులు వచ్చునని 2015లో ప్రకటితమైన ఒక అధ్యయనము తేల్చినది. అన్నము, అరటిపండు మరిగిన లోరిసు బొద్దుగా కనబడినచో అది ఆరోగ్యము కాదు.

చిత్రపు చట్రములో లేనిదానినిగూర్చియు విమర్శకుడు అడుగవలెను. ఈ జంతువు ఆ గదిలోనికి ఎట్లు వచ్చినది? ఏ ఒక్క జంతువు చరిత్రయు తెలియక చెప్పరాదు. కాని వ్యాపారపు మార్గము తెలిసినదే. ఇండ్లలో పెంచబడుచున్న లోరిసులు అత్యధికముగా అడవినుండి పట్టి తెచ్చినవి. ఇండొనేసియాలోని జకార్తా నగరపు జాతీనగర వంటి పక్షుల అంగళ్లలో వీనిని ఇరుకు పంజరములలో, పట్టపగటి ఎండలో అమ్ముట చాలకాలము సాగినది. కరచిన లోరిసును ఎవరును కొనరు గనుక వర్తకులు గోళ్లు కత్తిరించు పనిముట్టుతో దాని ముందుపండ్లను చిగురు వరకు కత్తిరింతురు. మత్తుమందు లేదు. నోరు చీముపట్టి చచ్చునవి కొన్ని; బ్రతికినవి సాధువులుగా అమ్ముడుపోవును. ఆ దేశమున వన్యజంతువులను కాపాడు చట్టము 1990 నుండియే యున్నది. 2024లో దానిని సవరించి శిక్షలు పెంచిరి. అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించు సైటిస్ ఒడంబడిక 2007లో స్లో లోరిసులన్నిటిని మొదటి అనుబంధమున చేర్చి వాణిజ్యమును నిషేధించినది. చక్కిలిగింతల చిత్రము వెలువడినది ఆ నిషేధము వచ్చిన రెండేండ్లకు.

చిత్రము ప్రేక్షకులపై చూపిన ప్రభావమును కొలిచిన వ్యాసమొకటి 2013లో 'ప్లాస్ వన్' పత్రికలో వచ్చినది. లోరిసులపై దీర్ఘకాలము పరిశోధించిన అన్నా నెకారిస్, ఆమె సహచరులు దాని రచయితలు. 33 నెలల కాలములో ఆ చిత్రము క్రింద ప్రేక్షకులు వ్రాసిన 12,411 వ్యాఖ్యలను వారు చదివి వర్గీకరించిరి. తొలినెలలలో వ్రాసినవారిలో నాలుగవవంతు మంది తమకును ఇట్టి లోరిసు కావలెననిరి. లోరిసుల జీవనమును, వాని దుస్థితిని తెలుపు విషయములు ప్రచారములోనికి వచ్చిన కొలది ఈ కోరిక గణనీయముగా తగ్గినది.

ఈ వ్యాసమునకును హద్దులున్నవి. చూచినవారు లక్షలు, వ్రాసినవారు వేలు. వ్రాయు స్వభావముగలవారు అందరికి ప్రతినిధులు కారు. "కావలెను" అని వ్రాయుటకును అంగడికి పోయి కొనుటకును ఎంతో దూరము. జకార్తా అంగడిలో అమ్మకము ఎంత పెరిగినదో ఈ లెక్క చెప్పదు, రచయితలు కొలిచినది కోరికను మాత్రమే. అయినను విజ్ఞానప్రచారము చేయువారికి ఇందు విలువైన సంగతి యొకటున్నది. సరియైన సమాచారము అందినచోట జనాభిప్రాయము మారినది. అదియు మందలింపుచే కాక, ఆ జంతువు ఏమి తినునో, ఎట్లు బ్రతుకునో తెలియుటచే. అదే బృందము తరువాత ఇట్టి చిత్రములను నూరింటిని పరిశీలించి, జంతువునకు ఉండవలసిన కనీస సౌఖ్యములు వానిలో లోపించియుండుటను చూపినది. వెలుతురులో నుంచబడి, బాధగానో అనారోగ్యముగానో ఉన్న లోరిసుల చిత్రములనే ప్రేక్షకులు మెచ్చుకొనుట అందలి విషాదకరమైన ఫలితము.

"చక్కిలిగింత చిత్రహింసయే" అను నినాదముతో 2015లో ఇంటర్నేషనల్ ఏనిమల్ రెస్క్యూ అను సంస్థ ప్రచారము నడపినది. నినాదము పదునైనదే. కాని అది చూపరి దృష్టిని ఆ వ్రేళ్లపైననే నిలుపును. అంతకు ముందే అంగడిలో జరిగిపోయిన పండ్ల కత్తిరింపు మరుగున పడును. ఆ సంస్థ చేయుచున్న పనిలోని బరువు నినాదములో కనబడదు.

ఆ పని జావా ద్వీపమున బోగోరు పట్టణమునకు సమీపమున, సలక్ పర్వతపాదమునగల చియాపుస్ గ్రామములో జరుగుచున్నది. అధికారులు స్వాధీనము చేసికొనినవి, యజమానులు తామై అప్పగించినవి అగు లోరిసులను, కోతులను అచ్చటి కేంద్రములో చేర్చుకొందురు. వచ్చినదానిని ముందు వేరుగా నుంచి రోగపరీక్షలు చేయుదురు. కుళ్లిన పండ్ల మొదళ్లను శస్త్రచికిత్సతో తీసివేయుదురు. తరువాత తేలవలసినది ఒక్కటే: దీనికి పండ్లున్నవా? ఉన్నచో అడవికి పోవు ఆశ కలదు. లేనిచో బెరడు గీకి బంక తినలేదు, శత్రువును కరవలేదు. దానికి ఆ ఆవరణమే జీవితాంతము ఇల్లు. పండ్లున్నను మరియొక చిక్కు కలదు. జావా లోరిసు, సుమత్రా లోరిసు, బోర్నియో లోరిసు వేరువేరు జాతులు. అంగడిలో దొరికినదాని పుట్టుక అమ్మినవాడు చెప్పడు. సుమత్రా జాతిని జావా అడవిలో విడిచినచో మేలుకు బదులు కీడు జరుగవచ్చును. ముఖముపై చారలు, రోమముల రంగు చూచి జాతిని నిర్ణయించినగాని విడుదల మాట ఎత్తరాదు.

విడుదలయు తలుపు తెరచుట వంటి సులభకార్యము కాదు. ముందు అడవిలోనే కంచెకట్టిన ఆవరణమున కొంతకాలము ఉంచి, పిదప మెడకు రేడియో పట్టీ తగిలించి విడిచి, రాత్రులు వెంబడించి చూతురు. జావాలో తొలిసారి విడిచినవానిలో అధికభాగము దక్కలేదు. పరిశోధకులు ఈ సంగతిని దాచక శాస్త్రపత్రికలలో ప్రకటించుట మెచ్చదగినది. రక్షణకథలు సామాన్యముగా పంజరము తెరచుకొని జంతువు అడవిలోనికి పోవు దృశ్యముతో ముగియును; రేడియో పట్టీ చెప్పు కథ అచ్చట ఆరంభమగును. శరణాలయమును నిందించుట కాదిది. అది వైద్యశాల వంటిది. పోయిన అవయవమును అది తిరిగి మొలిపింపజాలదు.

రక్షణసంస్థల చిత్రములును విమర్శకు అతీతములు కావు. కోతిపిల్లను గుండెకు హత్తుకొనిన కార్యకర్త ఫొటో విరాళములు తెచ్చుననుట నిజము. చూచువానికి మాత్రము "ఇది ఒడిలో పెట్టుకొనదగిన జంతువు" అను భావమే మిగులును. చింపాంజీ ప్రక్కన మనుష్యుడున్న చిత్రమును చూచినవారు, చింపాంజీ ఒంటిగా నున్న చిత్రమును చూచినవారికంటె, అది పెంచుకొనదగినదని ఎక్కువగా తలచిరని అమెరికాలో 2011లో ప్రకటితమైన పరిశోధన చూపినది. ఐ.యు.సి.ఎన్. ప్రైమేటు నిపుణుల బృందము 2021లో ఇట్టి చిత్రములకు నియమములు రచించినది: ప్రైమేటును చేత పట్టుకొనిన చిత్రములు ప్రకటింపరాదు, ప్రక్కన మనుష్యుడు కనబడవలసివచ్చినచో నడుమ కనీసము 7 మీటర్ల దూరముండవలెను, ముఖమునకు మాస్కు ధరింపవలెను. నియమము కొంత కఠినముగా తోచవచ్చును. 7 మీటర్ల దూరమునుండి చక్కిలిగింతలు పెట్టుట మాత్రము ఎవరికిని సాధ్యము కాదు.

పాఠశాలలో ఆత్మరక్షణ పద్ధతులను బోధించు ఉపాధ్యాయునకు ఈ చిత్రమును తరగతిలో ప్రదర్శింపవలెనని తోచవచ్చును. అంతకంటె నల్లబల్లపై లోరిసు మోచేతి గ్రంథిని, దువ్వెన పండ్లను గీసి, "ఇది చేతులెత్తినచో ఏమగును?" అని విద్యార్థులను అడుగుట మేలు. ఎన్నిసార్లు చూపిన చిత్రము అన్నిసార్లు లెక్కకెక్కి మరికొందరి ముందుకు వచ్చును. నల్లబల్లకు ఆ దోషము లేదు.

దేవాంగపిల్లికి జావా అంగళ్ల గతి పట్టలేదుగాని, మూఢనమ్మకములవలన అదియు బాధలు పడినది. దాని కన్నులకు, అవయవములకు లేని శక్తులు అంటగట్టి చంపినవారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని మొదటి షెడ్యూలులో చేర్చినది. 2022లో తమిళనాడు ప్రభుత్వము దిండిగల్, కరూరు జిల్లాలలో 11,806 హెక్టార్ల అడవిని కడవూరు దేవాంగపిల్లుల అభయారణ్యముగా ప్రకటించినది. దేశములో దేవాంగపిల్లికై ఏర్పడిన మొదటి అభయారణ్యమిదే. ఇచ్చట పంజరములు లేవు, చికిత్సాలయము లేదు. ఉన్నవి చెట్లు, పురుగులు, చీకటి. దేవాంగపిల్లులను లెక్కించు పరిశోధకులు రాత్రివేళ ఎర్రని కాంతినిచ్చు దీపములతో తిరుగుదురు. ఆ వెలుగు పడినప్పుడు కొమ్మలనడుమ రెండు కన్నులు నిప్పుకణములవలె మెరయును. వారు లెక్క వ్రాసికొని ముందుకు సాగుదురు.