నూనె పని నూనెది, రంగు పని రంగుది

గోదావరి డెల్టాలో గుంటగలగరాకును ఎవరూ పనిగట్టుకుని పెంచరు. ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు వదిలి నారుమళ్లు తడిశాక, వరిచేల గట్ల వెంట, బోదెల పక్కన, బోరింగు చుట్టూ నిలిచే తేమలో అదే మొలుస్తుంది. గరుకు ఆకులు, చిన్న తెల్లపూలు. రైతుకు అది కలుపు. మా వైపు ఆడవాళ్లకు తలనూనెలోకి మొదటి సరుకు. ఆకును అరచేతిలో నలిపితే పచ్చటి రసం చూస్తుండగానే నల్లబడుతుంది. పూర్వం ఆ రసంలో గుడ్డను తడిపి ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదం దీపం పెట్టి, పట్టిన మసితో పిల్లలకు కాటుక చేసేవారు.

చేతికంటిన ఆ నలుపును చూసే చాలామంది ఆశ పెంచుకుంటారు. ఎన్నాళ్లుగానో గుంటగలగర నూనె రాస్తున్నా తెల్లజుట్టు తెల్లగానే ఉందని నాతో వాపోయినవాళ్లు ఎందరో. అలాగే ఉంటుంది మరి. వెంట్రుకకు రంగునిచ్చే కణాలు కుదుట్లో ఉంటాయి. అవి పని మానేశాక బయటికి వచ్చిన వెంట్రుకకు ఏ నూనె రాసినా లోపలి నలుపు తిరిగి రాదు. నూనె చేసే మేలు వేరు, ఆకు వేసే రంగు వేరు. ఈ రెంటినీ కలగలిపి చూడటం వల్లే మంచి నూనెకు చెడ్డపేరు వస్తోంది. ఇంటి పద్ధతులంటే నాకు ప్రాణం. అందుకే వాటిమీద లేనిపోని మాటలు మోపితే బాధగా ఉంటుంది.

నూనె కాచడం ఓపికతో కూడిన పని. ఆకును కడిగి, దంచి, రసం పిండి, దానికి సమానంగానో కాస్త ఎక్కువగానో కొబ్బరినూనె పోసి సన్నసెగ మీద పెట్టాలి. కోనసీమ వాళ్లకు నూనె వెతుక్కోనక్కర్లేదు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ఉండనే ఉంది. మొదట నురుగు పొంగుతుంది, తర్వాత చిటపటలాడుతుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగి, అడుగున పిప్పి ఇసకలా గరగరలాడినప్పుడే దించాలి. నీటి చెమ్మ మిగిలితే నూనె ముక్కిపోతుంది. మా అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి, “తొందరపడకమ్మా, చప్పుడు ఆగనీ” అనేవారు. నూనె ముదిరిందో లేదో చెప్పడానికి అంతకంటే మంచి కొలత నాకిప్పటికీ దొరకలేదు.

కొబ్బరినూనె ఎందుకంటే దానికో కారణముంది. 2003లో ఒక కాస్మెటిక్ శాస్త్ర పత్రికలో వచ్చిన పరిశోధన కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి చూసింది. వెంట్రుకలోని ప్రోటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం చిన్న అణువు, ప్రోటీన్‌కు అంటుకునే గుణం గలది, అందువల్ల వెంట్రుక లోపలికి దిగుతుంది. ఆ పరిశోధన చేసినవాళ్లు కొబ్బరినూనె అమ్మే కంపెనీలోని శాస్త్రవేత్తలే, ఆ సంగతీ గుర్తుంచుకుని చదవాలి. అయినా తలంటుకు ముందు నూనె పెట్టాలన్న మన అలవాటుకు అది చక్కగా సరిపోతుంది. వెంట్రుక నీటిలో ఉబ్బి, ఆరి ముడుచుకునే ప్రతిసారీ దెబ్బతింటుంది. ముందే లోపలికి దిగిన నూనె ఆ ఉబ్బును తగ్గిస్తుంది.

మా ప్రాంతంలో జుట్టు సంగతి మాట్లాడుతూ నీళ్ల సంగతి వదిలేయలేం. నరసాపురం, మొగల్తూరు వైపు, కోనసీమ తీరంలో బోరు నీళ్లు ఉప్పన. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆ నీళ్లే దిక్కయ్యే ఇళ్లు ఎన్నో. ఆ నీళ్లతో ఒంటిసబ్బు తలకు రుద్దితే నురుగు రాదు సరికదా, నీటిలోని సున్నంతో కలిసి తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకలకు పట్టేస్తుంది. కుంకుడురసం అలా తెట్టు కట్టదు. అందులో నురుగునిచ్చే సాపోనిన్లు సున్నంతో సబ్బులా గడ్డకట్టవు. గింజ తీసి, కాయ నలగ్గొట్టి, వేడినీళ్లలో నానబెట్టి పిసికితే చాలు. ఈ కుంకుళ్లు చాలావరకు మన్యం సరుకు. 1956లో విశాఖ కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ వీటినీ, కరక్కాయల్నీ అక్కడి గిరిజనుల దగ్గర కొంటుంది. రంపచోడవరం కొండల్లో ఎవరో ఏరితేనే మన ఇంట్లో తలంటి అని నేను మా పిల్లలకు చెబుతూనే ఉంటాను.

ఇక రంగు. ఆషాఢంలో చేతులకు పెట్టుకునే గోరింటాకే తలకూ రంగు. ఆకులో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే ఉండే లాసోన్ అనే పదార్థం కెరాటిన్‌ను పట్టుకుని వదలదు. గోరూ వెంట్రుకా రెండూ కెరాటినే. అరచేతిలో పండిన రంగు చర్మం పైపొర రాలడంతో రెండు వారాల్లో వెలిసిపోతే, గోటిమీది రంగు మాత్రం గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. జుట్టుకూ అంతే. రాత్రే పొడిలో నిమ్మరసమో పుల్లటి మజ్జిగో కలిపి నానబెట్టాలి, పులుపు లేకపోతే రంగు సరిగా ఊరదు. అయితే దీనితో తెల్లజుట్టు ఎర్రబడుతుంది, నల్లబడదు. వీధుల్లో కనిపించే నారింజరంగు తలలన్నీ ఇక్కడితో ఆగినవే.

నలుపు కావాలంటే నీలి ఆకు పొడి కావాలి. గోరింటాకు కడిగేశాక గోరువెచ్చని నీళ్లతో నీలిపొడి కలిపి, ముద్ద పైన నీలిఛాయ తేలగానే పట్టించాలి. దీన్ని రాత్రంతా నానబెడితే పని చెడుతుంది. ఆకులోని రంగు నీళ్లు తగలగానే విడుదలై, గాలి సోకితే స్థిరపడిపోతుంది. వెంట్రుకలోకి దిగాక స్థిరపడాలే తప్ప గిన్నెలో కాదు. కడిగిన రోజు ముదురు పచ్చగా కనిపించి కంగారు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో నలుపుకు తిరుగుతుంది.

ఈ నీలి మనకు కొత్తదేం కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు పాలకొల్లు, ద్రాక్షారామాల్లో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. ఈ తీరం నుంచి వెళ్లిన ఓడల్లో నీలి అద్దిన బట్టలూ, నీలిమందూ ఉండేవి. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని బజారులోకి దించాక నీలి సాగు దేశమంతటా కుంగిపోయింది. ఇవాళ రాజమండ్రి అంగట్లో గోరింట పొడి ఎక్కువగా రాజస్థాన్‌లోని సోజత్‌ది, నీలిపొడి తమిళనాడు వైపుది.

ఇనప మూకుట్లో ఉసిరిపొడో కరక్కాయ పొడో రాత్రంతా నానబెట్టే పద్ధతిలో మంచి రసాయనశాస్త్రం ఉంది. కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లబడతాయి, పాత కాలపు సిరా కూడా ఇలాగే తయారయ్యేది. గోరింటాకులో కలిపితే దాని ఎరుపును ఇది ముదురు గోధుమకు దించుతుంది. ఒక్కటే జాగ్రత్త. ఇనుము పట్టిన జుట్టుకు తర్వాత పార్లర్‌లో పెరాక్సైడ్ పెట్టించుకుంటే వేడెక్కి వెంట్రుక పాడవుతుంది. ముందే చెప్పాలి.

గోరింటాకు జుట్టును బిరుసు చేస్తుందన్న ఫిర్యాదు నిజమే. అందుకే రంగు పెట్టుకున్న మర్నాడు మందారాకు. ఆకుల్ని నీళ్లలో పిసికితే వచ్చే జిగురును వడగట్టి తలకు పట్టించి, అరగంట ఉంచి ఉత్త నీళ్లతో కడిగేస్తే చిక్కు విడిపోతుంది. నానబెట్టి రుబ్బిన మెంతులూ ఇదే పని చేస్తాయి, కాకపోతే వాటి పొట్టును వదిలించుకోవడం పెద్ద పని. నా ఓటు మందారానికే.

“నల్ల గోరింటాకు” పేరుతో అమ్మే పొట్లాల మీద మాత్రం నాకు కోపముంది. గోరింటాకులో నలుపు లేదు. అరగంటలో నల్లబరిచేదైతే అందులో పారాఫినైలిన్‌ డయమైన్ ఉందేమోనని అట్ట వెనక చిన్న అక్షరాల్లో వెతకండి, పీపీడీ అని ఉంటుంది. కొందరికి అది పడక నెత్తి, కనురెప్పలు, ముఖం వాచిపోతాయి. ఒకసారి పడకపోతే ఆ తర్వాత ఎప్పటికీ పడదు. ఆకు బొమ్మ వేసి ఈ మందు అమ్మడం దారుణం. పొడి ఏదైనా చెవి వెనక కొద్దిగా రాసి రెండు రోజులు చూసుకోవాలి.

గట్టు మీది గుంటగలగర విషయంలోనూ ఇప్పుడు జాగ్రత్త తప్పదు. కూలీలు చేత్తో కలుపు తీసిన రోజుల్లో బుట్టెడు ఆకు తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు చాలా చేలలో కలుపు మందు కొడుతున్నారు. ఆ గట్టు ఆకు తలకు వద్దు, కావలసిన మొక్కలు ఇంట్లోనే పెంచుకోవచ్చు. కడియం నర్సరీల్లో మందార మొక్కలు ఎన్ని రకాలైనా దొరుకుతాయి. ఒంటిరెక్క ఎర్రమందారం అడగండి. గోరింట ముదురు కొమ్మ వానాకాలంలో గుచ్చితే బతుకుతుంది. గుంటగలగరకైతే మందు తగలని చోటి నుంచి వేరుతో పీకిన ఒక్క మొక్క చాలు, స్నానాల గది నీళ్లు పారే కాలవ పక్కన నాటితే దాని విత్తనాలే మిగతా పని చూసుకుంటాయి.