ఎవరి డివిజన్, ఎవరి పీఠం: గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలపై విమర్శనాత్మక పరిశీలన

నగరపాలక ఎన్నికల్లో ఏ పార్టీకి ఎన్ని స్థానాలో చెప్పి ఆగిపోవడం మన విశ్లేషణల్లో తరచుగా కనిపించే లోపం. స్థానాల సంఖ్య, ప్రజా ప్రాతినిధ్యం ఒకటి కావు.

గ్రేటర్ హైదరాబాద్‌నే తీసుకుందాం. అప్పటి 150 డివిజన్లలో టీఆర్‌ఎస్ 2016లో 99 గెలిచింది, 2020లో 56తో ఆగింది. బీజేపీ 4 నుంచి 48కి ఎదిగింది. మజ్లిస్ మాత్రం రెండుసార్లూ 44 స్థానాలే పొందింది. దాని ఓటు ప్రధానంగా పాతబస్తీలో గుమిగూడి ఉండటమే ఈ స్థిరత్వానికి ముఖ్య కారణం.

2020లో ఎవరికీ మెజారిటీ రాలేదు. అయినా 2021 ఫిబ్రవరిలో మజ్లిస్ మద్దతుతో మేయర్ పీఠం టీఆర్‌ఎస్‌కే దక్కింది. మేయర్ ఎన్నికలో కార్పొరేటర్లతో పాటు పదవిరీత్యా సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలకూ ఓటు ఉంటుంది. రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణ ఇందుకు వీలు కల్పిస్తోంది. ఇది చట్టబద్ధమే. కానీ డివిజన్ ఓటరు ఇచ్చిన తీర్పు బరువు దీనివల్ల తగ్గుతుందన్నది నా అభిప్రాయం.

అసలు సమస్య ఇంకా లోతైనది. కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. 2020 అక్టోబరు వరదల్లో ఇల్లు మునిగిన ఓటరు నాలా గురించి కార్పొరేటర్‌ను నిలదీయగలడు. కార్పొరేటర్ మాత్రం అధికారులకు అర్జీ పెట్టుకోవాల్సిందే. ఆ డిసెంబరులో సగానికి పైగా ఓటర్లు పోలింగ్‌కు రాలేదు. దీన్ని కేవలం బద్ధకమని కొట్టిపారేయడం తొందరపాటు.

ఆలోచించండి: మీ వార్డు సభ్యుడు స్వయంగా నిర్ణయించగలిగే పనులేవి?