కుళాయి కంటే ముందు చిట్టా

ఒక ఊరి నీటి సంస్థ పాడైందంటే మనకు గుర్తొచ్చేవి తుప్పుపట్టిన పైపులు, కాలిపోయిన మోటార్లు. బాగుచేయడమంటే టెండర్లు పిలిచి కొత్తవి వేయడం. 1993లో కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్ నీటి సరఫరా సంస్థకు అధిపతిగా వచ్చిన ఇంజనీరు ఏక్ సొన్ చాన్ మాత్రం చిట్టా తెరిచారు.

తెరిచి చూస్తే అదే అబద్ధం. 1975 ఏప్రిల్‌లో దేశాన్ని చేజిక్కించుకున్న కమ్యూనిస్టు వర్గం ఖ్మేర్ రూజ్ ఊరు ఊరంతా ఖాళీ చేయించింది. దాని పాలన కూలి 1979లో జనం తిరిగొచ్చేసరికి నీటి పని తెలిసినవాళ్లలో చాలామంది బతికి లేరు, పైపుల పటాలు లేవు. ఆ పైన పద్నాలుగేళ్లు సంస్థ ఉందంటే ఉంది. శుద్ధి చేసి వదిలిన నీటిలో 72 శాతానికి లెక్కాపత్రం లేదు. రోజుకు పది గంటలు వచ్చే నీటికి ఒత్తిడి 0.2 బార్, అంటే రెండు మీటర్ల ఎత్తు ఎక్కితే గొప్ప. దాంతో జనం ఇళ్ల దగ్గర గుంటలు తవ్వి నేల కింద నీళ్లు పట్టుకునేవారు. పైపుకు మోటారు బిగించి లాగే విద్య తెలిసిన మన వీధులకు ఇది వింతేమీ కాదు. దొంగ కనెక్షన్లు ఇచ్చి డబ్బు చేసుకున్నవాళ్లలో సంస్థ సిబ్బందీ ఉన్నారు.

ఆయన సిబ్బందిని వీధుల్లోకి పంపి ఇల్లిల్లూ తిప్పించారు. ఏ ఇంటికి నీళ్లు వస్తున్నాయి, ఆ ఇంటికి బిల్లు వెళ్తోందా, లేదా? పుస్తకంలో ఉండి నేల మీద లేని కనెక్షన్లు వేలల్లో, నేల మీద ఉండి పుస్తకంలో లేనివి వేలల్లో తేలాయి. నాకు ఈ పనిలో పనితనమంతా ఇక్కడే కనిపిస్తుంది. ఎవరు తాగుతున్నారో తెలియకుండా కొత్త పైపు వేస్తే కొత్త దొంగతనానికి దారి వేసినట్టే. చిట్టా కుదిరాక ప్రతి కనెక్షన్‌కూ మీటరు పెట్టారు. అంతకుముందు పదింటిలో ఒకటీ అరా ఇళ్లకే మీటర్లుండేవి.

సొంత మనుషుల సంగతి ఇంకా సున్నితమైనది. దొంగ కనెక్షన్ ఇస్తూ దొరికినవాళ్లను తీసేశారు. పని మీద శ్రద్ధ ఉన్న కుర్రవాళ్లకు పెద్ద బాధ్యతలు అప్పగించారు, జీతాలు పెంచారు. లీకులు పట్టే బృందాలకు తలా ఒక ప్రాంతం రాసిచ్చి, అక్కడ నష్టం తగ్గిస్తే బోనస్ అన్నారు. దాంతో రాత్రి పూట పైపుకు చెవి ఒగ్గే పని శిక్షగా కాక సంపాదనగా మారింది.

ఒక లెక్క చూడండి. 1993లో వెయ్యి కనెక్షన్లకు 22 మంది ఉద్యోగులు. 2006 నాటికి నలుగురు. పైపైన చూస్తే వందలమందిని ఇంటికి పంపారనిపిస్తుంది. కానీ అప్పుడు కనెక్షన్లు సుమారు 27 వేలు, తర్వాత సుమారు లక్షా నలభై ఏడు వేలు. గుణించి చూస్తే రెండుసార్లూ ఉద్యోగుల సంఖ్య ఆరు వందలకు కాస్త అటూ ఇటూగానే వస్తుంది. చేతులు ఇంచుమించు అవే, చేసే పని పెరిగింది.

బకాయిల వసూలు పేదల దగ్గర మొదలుపెట్టకుండా పెద్దల దగ్గర మొదలుపెట్టారు. ప్రభుత్వ కార్యాలయాలూ సైన్యమూ కట్టాల్సిందేనన్నారు. ఒక జనరల్ ఇంటికి మీటరు పెట్టబోతే ఆ జనరల్ తుపాకీ తీసి తన తలకు గురిపెట్టాడని ఏక్ సొన్ చానే చెప్పారు. వెనక్కి వెళ్లి, సాయుధులను వెంటబెట్టుకుని వచ్చి కనెక్షన్ తీసేశారట. ఈ కథ అందరూ చెప్పుకుంటారు గానీ నాకంత ఇష్టం లేదు. బిల్లు వసూలుకు తుపాకులు అక్కర్లేని ఊరు కావాలి మనకు. పైగా ఏక్ సొన్ చాన్ వెనక ప్రధాని అండ ఉంది, జపాన్, ఫ్రాన్స్, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల డబ్బు ఉంది. 1996లో సంస్థకు స్వయంప్రతిపత్తీ వచ్చింది. ఒంటి చేత్తో చేశారంటే అతిశయోక్తి. ఆ అండనీ డబ్బునీ వృథా పోనివ్వలేదు, అది ఆయన ఘనత.

పేద వాడల్లో మాత్రం చేయి మెత్తబడింది. కనెక్షన్ ఖర్చు వాయిదాల్లో కట్టుకోనిచ్చారు, మరీ లేనివాళ్లకు పూర్తిగా మాఫీ చేశారు. ఇంటికి కుళాయి రాని రోజుల్లో వాళ్లు బయట అమ్మేవాళ్ల దగ్గర కుళాయి ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొనుక్కునేవారు మరి.

2006లో ఆయన్ను రామన్ మెగసెసే పురస్కారం వరించింది. అప్పటికి ఊళ్లో ఇరవై నాలుగు గంటలూ నీళ్లు, నష్టం పది శాతం లోపు.

ఇక ధర సంగతి. నీటి ధరను మూడు దశల్లో పెంచుతామని సంస్థ ముందే చెప్పింది. మొదటి పెంపు 1997లో, రెండోది 2001లో జరిగింది. ఈలోగా వసూళ్లు పెరిగి, లీకులు తగ్గాయి. 2004లో రావాల్సిన మూడో పెంపు ఇక అవసరపడలేదు.