పరమతములను దూచు తక్కెడ

తన మతమును గూర్చి చెప్పునప్పుడు గ్రంథమును జూపుటయు, ఇతరుల మతమును గూర్చి చెప్పునప్పుడు వీథిని జూపుటయు మతవాదులలో మిక్కిలి పాతదగు దోషము. గ్రంథమునందు కరుణయు, సత్యమును, దైవప్రేమయు నుండును. వీథియందు కల్లు, నెత్తురు, డప్పుల మ్రోత, దక్షిణకై కలహము కనబడును. ఒకరి గ్రంథమును మఱియొకరి వీథితో దూచినచో ముల్లు ఎటు మ్రొగ్గునో తూచకమునుపే తెలియును. తెలుగుదేశపు పూజావిధానములను గూర్చి క్రైస్తవ పండితులు వ్రాసిన గ్రంథముల నీ దోషము ఎంతవఱ కంటినది, దానినుండి ఎవరు తప్పించుకొనిరి యని విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఈ విచారణకు బనగానపల్లె తగిన చోటు. 1948వ సంవత్సరమున మద్రాసు రాష్ట్రమున గలియువఱకు ఇది షియా మతస్థులగు నవాబుల సంస్థానము. సమీపమున యాగంటి శివక్షేత్రము గలదు. పోతులూరి వీరబ్రహ్మముగారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులను గాచుచు, రవ్వలకొండ గుహయందు కాలజ్ఞానము వ్రాసిరని ఐతిహ్యము. వారి ప్రియశిష్యుడగు సిద్ధయ్య దూదేకుల యింట బుట్టిన ముసల్మాను. వారిని గొలిచిన కక్కయ్య చర్మకారుడు. పందొమ్మిదవ శతాబ్దమున నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు కేంద్రములుగా ఆంగ్లికను మిషనరీలు పనిచేయగా, ఈ సీమలోని మాలపల్లెలయందును మాదిగపల్లెలయందును ప్రార్థనామందిరములు వెలసినవి. పీరుకు మ్రొక్కువాడును, పెద్దమ్మకు కోడిని గోయువాడును, తత్త్వములు పాడువాడును, ఆదివారము ప్రార్థనకు బోవువాడును ఒక్క సంతలోనే జొన్నలు కొనుచుందురు. ఇట్టిచోట ఒకరి నొకరు ఏ కొలతతో గొలుచుకొందురనునది పండితుల ముచ్చట మాత్రమే కాదు. ఇరుగుపొరుగుల బ్రతుకునకు సంబంధించిన విషయము.

మొదట, మద్రాసు బిషప్పుగా నుండిన హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రకటించిన, దక్షిణ హిందూదేశ గ్రామదేవతలను గూర్చిన గ్రంథమును జూతము. పురాణముల కెక్కని దేవతలని మన పండితులు కన్నెత్తి చూడని కాలమున, ఆయన పోలేరమ్మ, అంకమ్మ, పెద్దమ్మ మొదలగువారి కొలువులను, బలుల తీరులను, పూజారుల కులములను విచారించి వ్రాసెను. ఆ శ్రద్ధ మెచ్చదగినది. దైవముతో గలసికొనవలెనను తహతహ ఆ మోటు బలులయందు సైతము గలదని ఆయన కనిపెట్టెను. అయినను తుదకు ఈ నమ్మకముల నన్నిటిని ఒక యడవిగా భావించి, దానిని నఱికి నేలను చదును చేసిననే గాని క్రైస్తవారాధనకు దారి యేర్పడదని తేల్చెను.

ఇచ్చటనే త్రాసు ఒఱగినది. భయమువలన బుట్టిన పూజ మనుష్యుని దిగజార్చునని ఆయన వాదము. కలరాయు మశూచియు ఊళ్లను తుడిచిపెట్టుచుండిన కాలమున అమ్మవారికి మ్రొక్కిన తల్లి హృదయమున భయ మొక్కటియే యుండెనా? తన బిడ్డతోపాటు ఊరిబిడ్డ లందఱును బ్రతుకవలెనను కోరిక యుండలేదా? 1630లో మిలాను నగరమున ప్లేగు ప్రబలినప్పుడు, క్రైస్తవులు చార్లెసు బొర్రోమియో యను పరిశుద్ధుని శరీరావశేషమును వీథులలో నూరేగించిరి. అది తన శాఖవారి పని కాదని ఆంగ్లికను బిషప్పు చెప్పవచ్చును. కాని ఆ యూరేగింపును జూపి క్రైస్తవమతమే భయముచే బుట్టినదని ఆయన యొప్పుకొనునా? అక్కడ ఒప్పుకొనని న్యాయము ఇక్కడ నెట్లు చెల్లును?

దీనికి ముందే, 1899లో, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అను విదుషి వేఱుదారి ద్రొక్కెను. ఈమె ఒంగోలు బాప్తిస్టు మిషనరీయగు జాన్ క్లౌ భార్య. "చెప్పులు కుట్టుచుండగా" అను నర్థము వచ్చు పేరుగల తన గ్రంథమునకు ఈమె మాదిగ వృద్ధుల నోటిమాటలను ఆధారముగా గైకొనెను. 1866లో బాప్తిస్మము పొంది ఆ ప్రాంతపు మాదిగలలో క్రైస్తవమునకు నాంది పలికిన ఎఱ్ఱగుంట్ల పేరయ్య, అంతకుముందు పెక్కేండ్లు రాజయోగ గురువుల నాశ్రయించి, దైవము రూపరహితమని తెలిసికొనినవాడు. ఈ సంగతిని మిషనరీలు దాచలేదు. 1876–78 కరవులో క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకమున బీదలకు పని కల్పించెను. అన్నమునకై మతము మార్చుకొనిరను మాట రాకుండ ఆ దినములలో బాప్తిస్మములను నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదిని ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ జనప్రవాహమునకు మూలము తెల్లదొర బోధ మాత్రమే కాదనియు, మాదిగపల్లెలలో నంతకుముందే నాటుకొనిన తత్త్వవిచారము గూడ ననియు ఈ కథలవలన మనకు దెలియుచున్నది. పూజించువానినే అడిగి వ్రాసిన గ్రంథమునకు గల విలువ ఇది.

అయినను ఇచ్చట నొక కొఱత గలదు. రాజయోగము క్రీస్తునొద్దకు దెచ్చిన దారి గావుననే గౌరవము నొందినది. తనంత తాను నిలువదగినదిగా గాదు. ఈ భావమునే జె. ఎన్. ఫర్ఖూహర్ 1913లో సిద్ధాంతముగా జేసి, క్రీస్తు హిందూమతమునకు కిరీటమనెను. తిట్టుటకంటె ఇది యెంతయో మేలు. కాని యతిథిని మర్యాదతో వసారాలో గూర్చుండబెట్టి, లోపలికి మాత్రము రానీయకుండుట వంటిది. 1938లో తాంబరమున జరిగిన మహాసభకై హెండ్రిక్ క్రేమర్ వ్రాసిన గ్రంథము ఆ వసారానుగూడ మూసివేసి, క్రీస్తునందలి దైవప్రకటనకును ఇతరమతములకును నడుమ వంతెన లేదనెను. ఆ యేటనే నెల్లూరున బుట్టిన మన తెలుగువాడు పాండిపెద్ది చెంచయ్య తన మిత్రులతో గలసి బదులు చెప్పెను: హిందూ వారసత్వమును ద్వేషింపకయే, దానితోడనే క్రీస్తును గ్రహింపవచ్చునని. ఇతరమతములలోని సత్యమును పవిత్రతను తాము నిరాకరింపమని రోమను కథోలిక సభ 1965లో ప్రకటించుటకు ఇరువదియేడేండ్లకు ముందే ఒక తెలుగు క్రైస్తవుడు ఇంతదూరము నడిచెను.

కక్కయ్య కథ మనవారందఱు నెఱిగినదే. దేహమునందు దేవతలు గలరని గురువు చెప్పగా విని, భార్య దేహమును గోసి చూచి, రక్తమాంసములే గాని దేవతలు కానరాలేదని యాతడు మొఱపెట్టుకొనెనట. పరుల పూజను గోసి చూచువారికి గనబడునదియు నంతే. ప్రాణముతో నున్నప్పుడు, దానిని బ్రతుకుచున్నవాని కన్నులతో జూచిననే గాని పూజ తెలియదు.

అయితే చదువరులారా, ఈ విమర్శను జదివి సవర్ణ హిందువులు సంతోషించినచో నా శ్రమ వ్యర్థము. కక్కయ్యను కథలలో బొగడి, అతని కులమువారిని ఊరిబావి దరికి రానీయనివారు మనవారే. మిషనరీ త్రాసు ఒఱిగియుండవచ్చును; మనము ఆ బిడ్డలను త్రాసులో నుంచుటకైనను నిరాకరించితిమి. వారికి పలకయు బలపమును ఇచ్చినవాడు మిషనరీ. మన సంస్కర్తలలో ననేకులు ఉపనిషత్తును తమదిగా జెప్పుకొని, పోలేరమ్మను మూఢుల సొత్తని త్రోసివేసిరి. అదియు వైట్‌హెడ్ త్రాసే. క్రైస్తవ సంఘములును అద్దమున జూచుకొనవలెను. క్రీస్తునందు భేదము లేదని చదువుచునే, పెండ్లిసంబంధముల యొద్ద మాల మాదిగ భేదమును పాటించు కుటుంబములు ఈ సీమలో లేకపోలేదు. తమ వీథిని పరులు చూచి తమ గ్రంథమునకు వెలకట్టినచో వారికెట్లుండును?

కావున గ్రంథమును గ్రంథముతోను, ఆచారమును ఆచారముతోను దూచుదము. పూజించువానిని అడుగక వాని పూజను గూర్చి తీర్పు చెప్పకుందము. ఇట్లు తూచినపిమ్మట ఎవడైనను ఒక మతమును విడిచి వేఱొకదానిని గైకొన్నచో, అది వాని స్వాతంత్ర్యము. దానిని నిందించుటకు మన కధికారము లేదు. వాడు విడిచిన యింట తన కేమి కొఱత కలిగెనో ఆ యింటివారు విచారించుకొనుట మాత్రము వారి ధర్మము.